బెంగళూరు – శాన్‌ఫ్రాన్సిస్కో: లెక్కలో ఒక దూరం, గాలిలో మరో దూరం

కోలారు, బళ్లారి, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో చాలామందికి అమెరికా ప్రయాణం బెంగళూరు విమానాశ్రయం నుంచే మొదలవుతుంది. పిల్లల దగ్గరకు బయలుదేరే పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: ‘‘ఎంత దూరం? ఎన్ని గంటలు కూర్చోవాలి?’’ ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటి కాదని మనం గుర్తించాలి.

దూరం లెక్క సులువే. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అదే దగ్గరి దారి. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం దాదాపు 125.8 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దూరం సుమారు 13,990 కిలోమీటర్లు. గోడకు తగిలించే మెర్కేటర్ పటంలో పసిఫిక్ మీదుగా గీత గీసి, ఆ గీత వెంటే వెళితే దాదాపు 16,100 అవుతుంది. పటం చదునైనది, భూమి గుండ్రనిది. తేడా అక్కడే వస్తుంది.

అయితే ఆ దారం నేపాల్, టిబెట్, సైబీరియా, అలాస్కాల మీదుగా పోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లకు పైనే. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్లు వెంటనే సుమారు 3,000 మీటర్లకు దిగాలి. అక్కడ అంత కిందికి దిగే వీలు లేదు. అందుకే విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని చుట్టి వెళ్తాయి. గాలి వాటం కూడా దారిని మారుస్తుంది. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు.

వీటన్నిటికీ మించినది రాజకీయం. 2022లో రష్యా గగనతలం అమెరికా విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం ఒక్క కిలోమీటరైనా పెరగలేదు, ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది. దారి పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. చివరికి ఆ భారం పడేది టిక్కెట్ మీదే.

దుబాయ్‌లో విమానం మారితే మొత్తం సుమారు 15,700 కిలోమీటర్లు. నేరు దారికన్నా 1,700 ఎక్కువ. అయినా మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు మధ్యలో కాస్త నడక దొరకడం మేలే కావచ్చు.

కాబట్టి టిక్కెట్ కొనేటప్పుడు మనం చూడాల్సింది కిలోమీటర్లు కాదు: మొత్తం గంటలు ఎన్ని, ఎక్కడ ఆగుతుంది, విమానం మారాలా వద్దా, చక్రాల కుర్చీ దొరుకుతుందా. భూమి కొలత మారదు. దేశాల మధ్య తగవులు వస్తే మాత్రం మన పెద్దల ప్రయాణం పొడవు రాత్రికి రాత్రే మారిపోతుంది.