ఆడపిల్లకు లెక్కలెందుకు?

“ఆడపిల్లకు లెక్కలెందుకు? తేలికైన గ్రూపేదో తీసుకుంటే చాలదా?” పదో తరగతి ఫలితాలొచ్చిన ప్రతి వేసవిలోనూ మా దమ్మపేట వైపు వినబడే మాట ఇది. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చిన పిల్లతోనూ ఇదే మాట!

మిత్రులారా! లెక్కలు మన ఆడవాళ్ళకు కొత్తవా? పామాయిల్ తోటలో రాలిన పళ్ళు ఏరేది వాళ్ళే. గెలలు ఎన్ని టన్నులు తూగాయి, నూనె శాతాన్ని బట్టి ఈ నెల ధర ఎంత, కోత కూలి పోను మిగిలేదెంత అని నోటిలెక్క కట్టేదీ వాళ్ళే. విత్తనం ఏరి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా దాచేదీ వాళ్ళే. చూపు, లెక్క, ఓర్పు ఉన్నాయి. లేనిదల్లా తలుపు తీసేవాళ్ళు.

అయ్యలసోమయాజుల లలిత గారి జీవితమే చూడండి. 1919లో మద్రాసులో ఒక తెలుగింట పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి. 1937లో భర్త పోయేనాటికి ఒడిలో నెలల పాప. ఆ కాలంలో అటువంటి స్త్రీ బతుకు వంటింటి మూలకే అంకితం. కాని తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజిలో ప్రొఫెసరు. పై అధికారుల అనుమతి తెచ్చి కూతుర్ని అక్కడే చేర్పించారు. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు అమ్మాయిలు కూడా ఆ కాలేజిలో చేరారు. మగవాళ్ళ కోసం అచ్చువేసిన పట్టా మీద “అతడు” కొట్టేసి “ఆమె” అని రాయవలసి వచ్చిందట! ఎలక్ట్రికల్ ఇంజనీరైన లలిత గారు భాక్రా నంగల్ విద్యుత్ పనులకు డిజైన్లు గీశారు.

ఇక్కడే మనం ఆలోచించాలి. లలిత గారి తండ్రి ప్రొఫెసరు. మన తండ్రులు రైతులు, కూలీలు. కాలేజి తలుపు ఎక్కడ తట్టాలో వాళ్ళకేం తెలుసు? అక్కడ ఒక తండ్రి పలుకుబడి చేసిన పని ఇక్కడ ప్రభుత్వం, కాలేజి, విద్యార్థి సంఘం చెయ్యాలి.

తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు. సైన్సంటే ప్రాక్టికల్సు. ప్రాక్టికల్సంటే పొద్దుగూకుతుంది. అడవి దారిలో చివరి బస్సు తప్పితే? ఆ భయం అబద్ధం కాదు. 2023 డిసెంబరు నుండి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. సంతోషమే! కాని ల్యాబు వదిలే వేళకు బస్సు కూడా ఉండాలి కదా. అమ్మాయి గ్రూపును నిర్ణయిస్తున్నది బుర్ర కాదు, బస్సు!

హైదరాబాదు సి.సి.ఎం.బి.లో బాక్టీరియా కణకవచం ఎలా పెరుగుతుందో శోధించిన మంజులా రెడ్డి గారికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. అటువంటివారు మన పల్లెల్లో ఎందరు పత్తి చేలల్లో ఉండిపోయారో!

కనుక మన సంఘం మూడు పనులు చేపట్టాలి. ల్యాబు వేళకు బస్సు, అమ్మాయిలకు హాస్టలు సీటు అడగాలి. సెలవుల్లో ఒక మైక్రోస్కోపు పట్టుకుని ఊరి బడులకు వెళ్ళాలి. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఉపన్యాసాల్లో స్త్రీని దేవతను చేసింది చాలు. ల్యాబులో ఆమెకొక స్టూలు వెయ్యండి!

— బి.ఎస్సీ. విద్యార్థిని, దమ్మపేట