ఎనిమిది సెకన్ల పెట్టె

మన హార్మోనియం తిత్తి కొట్టినంతసేపూ పలుకుతుంది. మెల్లొట్రాన్ అనే ఇంగ్లీషు పెట్టె సంగతి వేరు. దానికి తిత్తి లేదు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు. దాని మీద ముందుగా పట్టిపెట్టిన వయొలినో, వేణువో! మెట్టు నొక్కితే టేపు కదిలి పలుకుతుంది. ఎంత నొక్కిపట్టినా ఎనిమిది సెకన్లే సుమండీ! ఆపైన వేలు తీయవలసిందే.

లీస్టరు కుర్రాళ్ల ‘స్ప్రింగ్’ బృందంలో దాన్ని ఒకరు కాదు, ముగ్గురు వాయించేవారు. 1971లో వారి మొదటి రికార్డు వచ్చింది, అమ్ముడుపోలేదు. రెండోది బయటికి రాకముందే బృందం విడిపోయింది. డ్రమ్ములు వాయించిన పిక్ విదర్స్ మాత్రం తర్వాత డైర్ స్ట్రెయిట్స్‌లో చేరి పేరు తెచ్చుకున్నాడు. గాయకుడు పాట్ మోరన్ స్టూడియో ఇంజనీరయ్యాడు.

కామారెడ్డిలో చదువుతున్న మా మేనల్లుడు ఈ రికార్డు వినిపించి, “పాపం మామా, ఇంత మంచి పాటను ఎవరూ పట్టించుకోలేదు” అన్నాడు. పాట మంచిదే. ఊపిరి తీసుకుంటూ పాడినట్టుంటుంది. జాలి మాత్రం నాకు కలగలేదు. యాభై యేళ్లు దాటినా అది నా చెవిన పడింది గదా! ఎల్లారెడ్డి భజనల్లో తెల్లవార్లూ పెట్టె వాయించిన మా పెదనాన్న పాట జానెడు టేపు మీదైనా లేదు. ఆయనతో కలిసి తాళం వేసినవారు ఇద్దరే మిగిలారు.