శాంటోరిని ఇల్లు హ్యూస్టన్‌లో ఎందుకు?

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు తెలుగులో రాయడం నాకు ఇంకా కష్టమే. సికింద్రాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో చదివాను. సెకండ్ లాంగ్వేజ్ కూడా హిందీయే. తెలుగు ఒత్తులు పెట్టడం అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే చెప్పండి, కానీ చివరిదాకా చదివాక చెప్పండి.

ఆదివారాలు మా గుడిలో ప్రసాదం వడ్డించే పని నాది. పోయిన నెల పులిహోర అయిపోయి గిన్నెలు సర్దుతుంటే ఒక జంట వచ్చారు. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. స్థలం కొన్నారట, కస్టమ్ హోమ్ కట్టిస్తున్నారట. "అంకుల్, పూజ గది ఎటు రావాలో చెప్తారా?" అని ఫోన్ తీశారు. ప్లాన్ కంటే ముందు ఫోటోలు వచ్చాయి. శాంటోరినిలో తెల్ల గోడలు. బాలీలో ఆకాశం కనిపించే స్నానాల గది. టస్కనీలో రాతి ఆర్చీలు. "ఇన్‌స్పిరేషన్ కోసం రెండేళ్ళు తిరిగాం అంకుల్" అంది ఆ అమ్మాయి. ఆ మాట చెప్తుంటే ముఖం వెలిగిపోతోంది.

నేను ఒక్కటే అడిగాను. "అమ్మానాన్నలు వస్తే ఎక్కడ పడుకుంటారమ్మా?"

"పైన గెస్ట్ రూమ్ ఉంది కదా అంకుల్."

నేనేమీ అనలేదు. ఈశాన్యం ఎటో చూపించి పంపించేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ రోజు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

నేననేది ఇది. ఇల్లు కట్టేముందు నాలుగు ఊళ్ళు తిరగడం చాలా మంచి పని. కానీ మనవాళ్ళు తిరిగి, తప్పు వస్తువు తెచ్చుకుంటున్నారు. ఇల్లు ఎలా ఉందో ఫోటో తీసుకుంటున్నారు. అలా ఎందుకు ఉందో అడగకుండా వచ్చేస్తున్నారు. ఆ "ఎందుకు" ఉచితంగా వస్తుంది. ఫోటోలో ఉన్నదాన్ని ఇక్కడ కట్టించాలంటే లక్షల డాలర్లు కావాలి.

శాంటోరినినే తీసుకోండి. ఆ దీవి అగ్నిపర్వతం వల్ల ఏర్పడింది. కలప దొరకదు. అందుకని పాత ఇళ్ళు చాలావరకు కొండ చరియలోకి తవ్వుకున్నారు, పైన దూలాలు లేకుండా గుండ్రటి కప్పులు కట్టారు. ఎండ తీవ్రం, అందుకే తెల్ల సున్నం. వాన తక్కువ, అందుకే కప్పు మీద పడ్డ చుక్క కూడా పోనీయకుండా కింద తొట్టిలోకి పట్టుకుంటారు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

హ్యూస్టన్‌లో ఏడాదికి సుమారు 50 అంగుళాల వాన పడుతుంది. ఇక్కడ మన సమస్య నీళ్ళు పట్టుకోవడం కాదు, వదిలించుకోవడం. మన గోడలు రాయి కాదు, లోపల చెక్క ఫ్రేము. దానిమీద స్టక్కో పూసి తెల్ల రంగు వేస్తే ఫోటోలాగే ఉంటుంది, మొదటి ఏడాది. తర్వాత ఎండ తగలని ఉత్తరం గోడకి పాచి పడుతుంది. కిటికీ పక్కన చిన్న సందులోంచి నీళ్ళు లోపలికి వెళ్తే చెక్క కుళ్ళుతుంది, బయటికి తెలియను కూడా తెలియదు. చూరు లేని ఇల్లు వానల ఊళ్ళో కట్టకూడదు. చూరు అంటే గోడ దాటి ముందుకు వచ్చే కప్పు అంచు. మన పెద్దవాళ్ళు వానకి నిలబడేది ఆ చూరు కిందే.

బాలీ కథ ఇంకా విచిత్రం. అక్కడ సంప్రదాయపు ఇల్లు అసలు ఒక బిల్డింగ్ కాదు. ఒక ప్రహరీ గోడ లోపల చాలా చిన్న కట్టడాలు ఉంటాయి. పడుకోవడానికి ఒకటి, వంటకి ఒకటి, కార్యాలకి ఒకటి, ఒక మూల ఆ కుటుంబం దేవుళ్ళ గుళ్ళు. రెండు మూడు తరాలు అదే ప్రహరీలో ఉంటాయి. మనవాళ్ళు విల్లాలో నాలుగు రోజులు ఉండి, ఆ ఇంట్లోంచి ముసలివాళ్ళని వదిలేసి స్నానాల గదిని మాత్రం తెచ్చుకుంటారు! బాలీ భూమధ్యరేఖకి దగ్గర, ఏడాదంతా వేడి ఒకేలా ఉంటుంది. మనకి 2021 ఫిబ్రవరి గుర్తుందా? టెక్సస్ అంతా గడ్డకట్టి ఎన్ని ఇళ్ళల్లో పైపులు పగిలాయో మర్చిపోయారా? ఆరుబయట షవర్ పైపు ఎవరు కాపాడతారు?

ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత ఉంది? నేనూ అదే తప్పు చేశాను, అదే నా అర్హత.

2006లో ఇల్లు కట్టించాను. అంతకు ముందు ఏడాది మా ఆవిడా నేనూ యూరప్ వెళ్ళాం. ఒక హోటల్లో వంపు తిరిగిన మెట్లు చూశాను. మధ్యలో ఆగే చోటు లేకుండా ఒకే ఊపులో పైకి వెళ్ళిపోయే మెట్లు. ఫోటో తీసి బిల్డర్‌కి ఇచ్చాను. పడమర వైపు రెండంతస్తుల ఎత్తు అద్దం కూడా పెట్టించాను. పడక గదులన్నీ పైన. కింద ఒక చిన్న పౌడర్ రూమ్, అందులో స్నానానికి వీలు లేదు.

2009లో అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. పగలంతా కిందే ఉండేది. స్నానానికీ, పడుకోవడానికీ పైకి వెళ్ళాలి. ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని ఎక్కేది. దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ కూర్చుని దిగేది. నేను ఆఫీసుకి వెళ్ళాక దిగేదట, నేను చూడకూడదని. ఈ సంగతి మా ఆవిడ చాలా రోజుల తర్వాత చెప్పింది.

సాయంత్రాలు అమ్మ గరాజ్‌లో కూర్చునేది. తలుపు పైకి ఎత్తి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రెండు కార్ల మధ్య. స్కూల్ బస్సు వచ్చేది, పోస్టు బండి వచ్చేది, ఎదురింటి ఆవిడ కుక్కతో వెళ్తూ చెయ్యి ఊపేది. "అమ్మా, గరాజ్‌లో కూర్చుంటే బాగోదు, లోపల సోఫా ఉంది కదా" అన్నాను. "లోపల కూర్చుంటే మనిషి కనపడడు కదరా" అంది.

అప్పుడు అర్థం కాలేదు. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఇంటికి వీధి వైపు అరుగు ఉండేది. గుమ్మానికి అటూ ఇటూ ఎత్తుగా కట్టిన దిమ్మ. దాని మీద కూర్చునే కూరలు బేరం చేసేవాళ్ళు, పిల్లలకి జడలు వేసేవాళ్ళు, దారిన పోయేవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు. ఐదు లక్షల డాలర్ల ఇంట్లో మా అమ్మ తనకి కావలసిన అరుగు వెతుక్కుంది. గరాజ్‌లో దొరికింది.

ఆరు నెలలకని వచ్చిన మనిషి మూడో నెలలో టికెట్ మార్చమంది. వెళ్ళేరోజు అంది: "ఇల్లు చాలా బాగుంది నాన్నా, చూడటానికి." మళ్ళీ రాలేదు. ఇప్పుడు లేదు.

ఇక ఆ పడమటి అద్దం. సాయంత్రం ఐదు గంటలకి ఆ గదిలో కూర్చోలేం. రెండంతస్తుల అద్దం పెట్టించి, దాన్ని మూయడానికి మోటరు తెర కొన్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఆ తెర మూసే ఉంది.

ఇప్పుడు రెండో రకం వాళ్ళ సంగతి. "అంకుల్ నిజమే, మనకి మన మండువా లోగిలే కరెక్ట్" అని కామెంట్ పెట్టడానికి రెడీగా ఉన్నవాళ్ళారా, ఆగండి. మండువాని కూడా ఫోటో చూసి కట్టకూడదు. కోనసీమలో మండువా ఎందుకు? నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి ఉంటాయి. వాన నీరు మధ్యలో పల్లపు వాకిట్లో పడి, తూము గుండా బయటికి పోతుంది. వేడి గాలి పైకి పోతుంది. చుట్టూ వసారాలో మనుషులు పని చేసుకుంటారు. ఏసీ లేని ఇంటికి అది ఊపిరితిత్తి. నాకు తెలిసిన ఒకాయన ఇక్కడ అలాంటిదే కట్టించారు. తూము చిన్నది, వాన పెద్దది. నీళ్ళు హాల్లోకి వచ్చాయి. తర్వాత పైన అద్దం మూత వేయించారు. ఇప్పుడు అది మండువా కాదు, ఓవెన్. మన సంప్రదాయమైనా కారణం తెలియకుండా తెస్తే అదీ శాంటోరినే.

సూర్యుడు కూడా రెండు చోట్లా ఒకటి కాదు. అమలాపురంలో వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, కొన్నాళ్ళు ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. హ్యూస్టన్‌లో ఎప్పుడూ నడినెత్తికి రాడు. ఇక్కడ మధ్యాహ్నపు ఎండ ఏడాదంతా దక్షిణం నుంచే. కాబట్టి దక్షిణం కిటికీకి మంచి చూరు ఉంటే చాలు, వేసవి ఎండ ఆగుతుంది, చలికాలం ఎండ లోపలికి వస్తుంది. పడమటి ఎండ కిందనుంచి వస్తుంది, దాన్ని చూరు ఆపలేదు. పూజ గది ఈశాన్యం గురించి గంటసేపు మాట్లాడతాం. పడమర అద్దం గురించి ఐదు నిమిషాలు మాట్లాడం.

అయితే ప్రయాణం నుంచి సరైనది తెచ్చుకున్నవాళ్ళు లేరా? ఉన్నారు. శ్రీలంకలో జెఫ్రీ బావా మొదట లాయర్. లోకమంతా తిరిగి, ఇటలీలో ఇల్లు కొనుక్కుని ఉండిపోదామనుకున్నారు. అది కుదరలేదు. తిరిగొచ్చి 1948లో బెంటోటా దగ్గర పాత రబ్బరు తోట కొన్నారు. అదే లునుగంగ. ఆ తర్వాత ఆర్కిటెక్చర్ చదివి 1957లో, 38 ఏళ్ళకి ఆర్కిటెక్ట్ అయ్యారు. ఇటలీ తోటలంటే ఆయనకి అంత పిచ్చి ఉన్నా, ఆయన కట్టిన ఇళ్ళకి పెంకుల కప్పులు, లోతైన వరండాలు, లోపల వాకిళ్ళు ఉంటాయి. ఎందుకంటే అక్కడ కురిసేది శ్రీలంక వాన.

లారీ బేకర్ ఇంగ్లండ్‌లో పుట్టి 1945లో ఇండియా వచ్చారు. హిమాలయాల్లో పిథోరాగఢ్‌లో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడి పల్లెవాళ్ళు రాయిని, మట్టిని ఎలా వాడుతున్నారో చూసి నేర్చుకున్నారు. తర్వాత తిరువనంతపురంలో ఇటుకల్ని నిలబెట్టి, మధ్యలో ఖాళీ వచ్చేలా గోడలు కట్టించారు. ఇటుకలు పావు వంతు మిగులుతాయి, వేడి తగ్గుతుంది. ఇంగ్లండ్ ఇల్లు తెచ్చి కేరళలో పెట్టలేదు.

మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. టెక్సస్‌లోనే డాగ్‌ట్రాట్ అని పాతకాలం ఇళ్ళున్నాయి. అటు ఒక గది, ఇటు ఒక గది, మధ్యలో గాలి పోయే దారి, అన్నిటికీ ఒకే కప్పు. ఆ దారిలోంచి కుక్క పరిగెత్తేదని ఆ పేరట. నేను చూసి నవ్వుకున్నాను. మా అమ్మమ్మ అయితే దాన్ని "నడవ" అనేది. గంట దూరంలో గాల్వెస్టన్ ఉంది. 1900 తుపాను తర్వాత ఆ ఊరి నేలనే ఎత్తు చేశారు. 2017లో హార్వీ చూసిన మనం, గ్రీసులో పలక రంగు చూసొచ్చాం గానీ, గాల్వెస్టన్ వెళ్ళి "ఎంత ఎత్తు చేశారు?" అని అడగలేదు.

"మా డబ్బు, మా ఇష్టం అంకుల్" అంటారు. ఒప్పుకుంటాను. కానీ 30 ఏళ్ళ లోన్ తీసుకుంటున్నారు. మీకిప్పుడు 35. లోన్ తీరేసరికి మీ మోకాళ్ళకి 65. పైన ఉన్న గెస్ట్ రూమ్ అప్పుడు మీకే అందదు.

కాబట్టి ఈసారి ట్రిప్‌కి టేపు ఒకటి పట్టుకెళ్ళండి. నచ్చిన ఇంట్లో ఈ నాలుగూ చూడండి.

ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఏ గదిలో కూర్చోగలం, ఏ గదిలో కూర్చోలేం?
రెండు, పెద్ద వాన వస్తే నీళ్ళు ఎటు పోతాయి?
మూడు, ఆ ఇంటి ముసలివాళ్ళు ఎక్కడ పడుకుంటారు, పగలు ఎక్కడ కూర్చుంటారు?
నాలుగు, మళ్ళీ కడితే ఏం మారుస్తారు? ఈ ప్రశ్న ఇల్లు చూపించే ఏజెంట్‌ని కాదు, రోజూ ఊడ్చేవాళ్ళని అడగండి.

ఫోటోలు ఆ తర్వాత తీసుకోండి.

తెలుగు నేర్చుకుంటున్న నా తోటి విద్యార్థులకి ఒక హోంవర్క్. అరుగు, వసారా, నడవ, మండువా, చూరు, గడప, పెరడు. ఈ ఏడు మాటలూ డిక్షనరీలో చూడకండి. డిక్షనరీలో అర్థం ఉంటుంది, ఎందుకో ఉండదు. మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి "మీ ఇంట్లో ఇది ఉండేదా? దాని మీద ఎవరు కూర్చునేవాళ్ళు?" అని తెలుగులో అడగండి. తప్పుల తెలుగు అయినా పర్వాలేదు. నేను మా అమ్మని అడగాల్సింది, ఆవిడ ఉన్నప్పుడు. ఇంగ్లీష్‌లో బిల్డర్‌ని అడిగాను.

ఆ జంట ప్లాన్ ఇంకా పర్మిట్‌కి వెళ్ళలేదట. వచ్చే ఆదివారం గుడికి వస్తామన్నారు. ఈసారి పులిహోర పక్కన పెట్టి, ముందు వాళ్ళ మెట్లు లెక్కపెట్టిస్తాను. కింద ఒక పడక గది, దానికి షవర్ ఉన్న బాత్రూమ్, వీధి వైపు రెండు కుర్చీలు పట్టే వరండా. ఈ మూడూ ప్లాన్‌లోకి వచ్చేదాకా ఈశాన్యం సంగతి ఎత్తను.