మన ఊరి పేరు దాచుకోవాలా?



విశాఖలో ఉద్యోగ ఇంటర్వ్యూలకి ముందు మాకో ట్రైనర్ మేడమ్ క్లాసు చెప్పారు. ఎలా కూర్చోవాలి, ఏ చొక్కా మీదకి ఏ ప్యాంటు నప్పుతుంది, ఎలా పలకరించాలి. అంతా పనికొచ్చేదే. చివర్లో మాత్రం, "ఆ యాస వదిలేయండి, ఏ ఊరంటే విశాఖ అనండి" అన్నారు. మనసు చివుక్కుమంది.

ఈ విద్యని తీసిపారేయలేం. సివిల్స్‌లో మెయిన్స్ 1750 మార్కులైతే ఇంటర్వ్యూకే 275. ఇది నేర్పేవాళ్లని ఇమేజ్ కన్సల్టెంట్లు అంటున్నారు. కాలేజీలు, హోటళ్లు, కంపెనీలు డబ్బులిచ్చి పిలుస్తాయి. ఫలానా డిగ్రీ ఉండాలన్న చట్టమూ లేదు.

మర్యాద మనకి కొత్తా? ఇంటికొచ్చినోళ్లకి ముందు నీళ్లిచ్చి, తర్వాతే పనేంటని అడిగే ఇళ్లు మనవి. మనకి తెలియనిది పట్నం పద్ధతి ఒక్కటే. అది నేర్చుకుందాం. కానీ ఊరిని దాచి కాదు. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరకు కాఫీ, ఊరి పేరు చెప్పుకునే అమ్ముడుపోతోంది కదా!

అందుకే మనలో కొందరు ఈ వృత్తిలోకి రావాలి. చింతపల్లి నుంచి వచ్చే తమ్ముడికి టై కట్టుకోవడం నేర్పాలి. "మాది చింతపల్లి" అని తలెత్తి చెప్పడమూ నేర్పాలి. ఆ రెండోది మనమే నేర్పగలం.

ఏమంటారు?