బేస్ అమ్మి గొంతు కోస్తున్నారు

రెండు వేల లోపు దొరికే వైర్‌లెస్ హెడ్‌సెట్ పెట్టె మీద ‘గేమింగ్‌కీ మీటింగ్‌కీ ఇదొక్కటే చాలు’ అని రాసుంటే ఆ మాటలో సగం అబద్ధం. లోపల బ్లూటూత్ తప్ప ఇంకేమీ లేని సరుకైతే మొత్తం అబద్ధం. ఈ ముక్క మర్యాదగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. మర్యాదగా చెప్పేవాళ్లు యూట్యూబులో బోలెడు మంది ఉన్నారు, కంపెనీ ఊరికే పంపిన పెట్టె విప్పుతూ, లింకు కిందుందని చూపుడువేలు ఆడిస్తూ.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో గానీ, భీమవరంలో గానీ, అమలాపురంలో గానీ ఏ సెల్ కొట్టయినా ఎక్కండి. “అమ్మాయికి ఆఫీసు మీటింగులు తమ్ముడూ, మైకు బావుండేది చూపించు” అని అడగండి. “ఇది తీసుకెళ్లండి సార్. బేస్ మామూలుగా ఉండదండి, గుండెల్లో గుద్దేత్తది. ఆయ్!” అంటాడు. మరి మైకో? “మైకు కూడా ఉంటదండి.” అడిగింది మీటింగు కోసం, అమ్మేది డీజే కోసం. ఏం, సోమవారం పొద్దున్న ఆ పిల్ల మేనేజరు డప్పు వాయిస్తాడా? కొట్టులో కుర్రాణ్ణి నేనేమీ అనను. పెట్టె మీది బొమ్మలు తప్ప వాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆ బొమ్మలు వేయించినవాళ్ల మీదే నా కోపమంతా.

ఈ కోపం మన గోదావరి జిల్లాల్లో ఎందుకు ఎక్కువ రావాలో చెబుతాను. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో చంద్రబాబు ఫైబర్‌నెట్ ప్రారంభించారు. 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్, బెంగళూరు గదులు ఖాళీ చేసి మన పిల్లలు ఊళ్లకొచ్చేశారు. అప్పటిదాకా ధాన్యం బస్తాలున్న గదులు ఆఫీసులయ్యాయి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ రేగి, మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాక కోనసీమకి ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నలు కోసం గోదావరి గట్టుకీ పొరుగూళ్లకీ పరుగెత్తారు. మే నెల ఎండలో, గట్టు మీద గాలిలో కూర్చుని ఆఫీసుకి మాట చేరవేయడానికి పడ్డ పాట్లవి. 2025 ఫిబ్రవరిలో అదే చంద్రబాబు, ఇంటి నుంచి పని చేసుకునే అవకాశం ఆడవాళ్లకి పెద్ద ఎత్తున కల్పిస్తామని ప్రకటించారు. సంతోషం. తీగ వేశారు, పథకం ప్రకటించారు. కానీ ఆ పని దక్కేదీ నిలిచేదీ గొంతు మీద. ఇంటర్వ్యూ గొంతుతోనే, రోజువారీ లెక్క అప్పజెప్పడం గొంతుతోనే, జీతం పెంచమని అడగడమూ గొంతుతోనే. ఆ గొంతుని అవతలికి చేర్చే వస్తువుని మాత్రం బేస్ చూసి కొనమంటున్నారు.

పెట్టె మీద ఎక్కడా రాయని సంగతి ఇది. బ్లూటూత్ పాట వినిపించేటప్పుడు ఒక పద్ధతిలో నడుస్తుంది, దాని పేరు ఏ2డీపీ. అందులో శబ్దం ఒకవైపే, ఫోను నుంచి చెవికి, ప్రయాణిస్తుంది. మైకు తెరిచిన మరుక్షణం హెచ్‌ఎఫ్‌పీ అనే వేరే పద్ధతిలోకి దిగిపోతుంది. కాలవ మీది ఇరుకు వంతెన అనుకోండి. ఒకవైపే వదిలితే బస్సు పోతుంది, రెండువైపులా వదలాలంటే ఆటోలకే చోటు. కొట్టులో మీ చెవికి తగిలించి వినిపించేది ఎప్పుడూ బస్సే. ఇంటికెళ్లి మీటింగులో కూర్చున్నాక వచ్చేది ఆటో.

అంకెల్లో కావాలా? సీడీ పాటకి సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. బ్లూటూత్‌లో మైకు తెరిచాక, పాత పద్ధతైతే 8,000 సార్లే. 2011లో వచ్చిన మెరుగైన పద్ధతైనా 16,000. సెకనుకి 8,000 అంటే 4,000 హెర్ట్జ్‌కి పైనున్న శబ్దం అసలు వెళ్లదు. స, ఫ లాంటి ఊదే శబ్దాల బలం చాలావరకు ఉండేది ఆ పైనే. ఇవతల ఎఫ్ అంటే అవతలివాడు ఎస్ అని రాసుకునేది ఇందుకే. ఇంటర్వ్యూలో మన పిల్ల పొల్లు పోకుండా ఇంగ్లీషు మాట్లాడినా అవతలివాడికి నూతిలోంచి మాట్లాడినట్టు వినపడితే ‘కమ్యూనికేషన్ తక్కువ’ అని రాసుకుంటాడు. ఆ మార్కు పోయింది పిల్ల చదువు వల్ల కాదు. ఇక గేము సంగతి. జట్టులో వాళ్లతో మాట్లాడదామని మైకు తెరిస్తే చాలు, చాలా కంప్యూటర్లలో స్టీరియో కాస్తా మోనో అయిపోతుంది. అడుగుల చప్పుడు ఎడమ నుంచో కుడి నుంచో తెలియని చెవులతో ఏం ఆడతాడండీ వాడు?

ఇప్పటికే కొనేసినవాళ్లు ఒక పని చేయొచ్చు. జూమ్‌లోనో టీమ్స్‌లోనో సెట్టింగుల్లోకి వెళ్లి, వినడానికి హెడ్‌సెట్‌నీ మాట్లాడడానికి ల్యాప్‌టాప్ సొంత మైకునీ ఎంచుకోండి. హెడ్‌సెట్ పాటల పద్ధతిలోనే ఉండిపోతుంది, మీ గొంతూ కాస్త బతుకుతుంది. ఎల్‌ఈ ఆడియో అని 2020లో కొత్త పద్ధతి ప్రకటించారు గదా అంటారా? ప్రకటించారు. అది హెడ్‌సెట్‌లోనూ ఉండాలి, ల్యాప్‌టాప్‌లోనూ ఉండాలి. కంపెనీ ఇచ్చిన ఐదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లో దాన్ని వెతుక్కుంటూ కూర్చోండి.

గేమింగ్ పేరుతో జరిగే మోసం ఇంకా రంగురంగుల్లో ఉంటుంది. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు. 2021 జులైలో అది బీజీఎంఐ అయి వచ్చింది, 2022 జులైలో మళ్లీ మాయమైంది, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఆట పోతూ వస్తూ ఉంది గానీ బ్లూటూత్ ఆలస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు. పెట్టె మీద ‘40 మిల్లీసెకన్లు’ అని నిప్పుల అక్షరాల్లో ఉంటుంది. ఏ ఫోనుతో కొలిచారు? ఏ గదిలో? మైకు తెరిచా, మూసా? ఒక్క ముక్క ఉండదు. మామూలు బ్లూటూత్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. తెర మీద సెకనుకి 60 బొమ్మలు కదిలే ఆటలో 200 మిల్లీసెకన్లంటే 12 బొమ్మలు దాటిపోవడం. తుపాకీ పేలిన చప్పుడు వీడి చెవిన పడేసరికి వీడు చచ్చి ఉంటాడు. రెండే రెండు స్పీకర్లున్న దాని మీద ‘7.1 సరౌండ్’ అని రాయడం ఇంకో ఘనకార్యం. ఆ మిగతా స్పీకర్లన్నీ సాఫ్ట్‌వేర్ కల్పించినవి. రంగు దీపాల గురించి నేను మాట్లాడను, అవి వెలిగేది పెట్టుకున్నవాడికి కనపడని చోట.

ఈఎన్‌సీ అనే మూడక్షరాలకి మాత్రం వేరే శిక్ష ఉండాలి. జనానికి తెలిసింది ఏఎన్‌సీ. అంటే మన చెవిలో బయటి మోత తగ్గించేది. అది ఖరీదు. అందుకని చవక సరుకు మీద ఈఎన్‌సీ అని అంతే లావుగా అచ్చేస్తారు. అది మైకు దగ్గర మోత తగ్గించేది. మన చెవికి దానితో సంబంధమే లేదు, లాభం ఏదైనా ఉంటే అవతలివాడికి. నిజానికి మీటింగులకి ఈ రెండోదే ముఖ్యం, అదే బాగా పనిచేస్తే నేనే దండ వేస్తాను. కానీ భీమవరం పక్కన చెరువుగట్టు ఇంట్లో ఏరేటర్ల హోరు, కార్తీకమాసంలో గుడి మైకు, ఎదురింటి కొబ్బరి వలుపు, నెత్తి మీద గరగరలాడే ఫ్యాను, ఇవన్నీ ఒకేసారి మోగుతుంటే చెవి దగ్గర గుండుసూది బెజ్జంలో కూర్చున్న మైకు ఏది గొంతు, ఏది ఏరేటరు అని తేల్చుకోలేదు. రెండింటినీ కలిపి నమిలేస్తుంది. మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత నయం. దూరం సగానికి తగ్గితే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఏ చిప్పూ, ఏ ‘ఏఐ’ స్టిక్కరూ చేయలేని పనిని బుగ్గ మీదికి వంగే చిన్న కాడ మైకు చేస్తుంది. కాడ లేని హెడ్‌సెట్‌ని మీటింగుల కోసమని చూపిస్తే మారు మాట్లాడకుండా వెనక్కివ్వండి.

సరే, వైర్‌లెస్సే కావాలి. చంటిపిల్లని ఎత్తుకుని మీటింగు వినే తల్లికి కావాలి, నడుస్తూ మాట్లాడితే తప్ప బుర్ర పనిచేయనివాళ్లకి కావాలి. ఒప్పుకుంటాను. అలాంటప్పుడు డాంగిల్‌తో వచ్చేది కొనండి. కంప్యూటర్‌కి గుచ్చే ఆ చిన్న ముక్క ఉంటే బ్లూటూత్ గొడవే ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో దాని దారి దానిదే. ఆలస్యం ఆటలో పట్టి చూసినా తెలియనంత తక్కువ, మైకు తెరిచినా వినికిడి స్టీరియోలోనే ఉంటుంది. రెండు మూడు వేలల్లో దొరుకుతున్నాయి, ఇంకాస్త పెడితే మంచివే వస్తాయి. పెద్ద కంపెనీల్లో లాజిటెక్ జీ435 లాంటివి డాంగిల్, బ్లూటూత్ రెండూ ఇస్తాయి, బరువు 165 గ్రాములే. అయితే దానికి తీగ తగిలించుకుని వినే సౌకర్యం లేదు. ఛార్జింగు అయిపోతే అంతే సంగతులు. కరెంటు పోయే వేళలు తెలిసిన ఊళ్లో ఇది చిన్న లోపం కాదు. వైరు పెట్టుకునే బెజ్జం కూడా ఉన్నదే నా ఓటు. అబ్బాయి ఆడేది ఫోన్లోనా? అయితే డాంగిల్ టైప్-సీ అయ్యుండాలి, ఇది కొట్టులోనే ఫోనుకి గుచ్చి చూడండి. ఆ డాంగిల్ పోతే చాలా కంపెనీలు విడిగా అమ్మవు, అప్పుడు హెడ్‌సెట్ మెళ్లో వేసుకుని తిరగడానికే. ఇంకో ముక్క. డాంగిల్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్కు పక్కన గుచ్చకండి. ఆ పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయని 2012లోనే ఇంటెల్ కాగితం రాసి మరీ చెప్పింది. మాట తెగిపోతుంటే మీ నెట్‌ని తిట్టే ముందు పోర్టు మార్చి చూడండి.

చెవి మెత్తలు రెక్సిన్‌వైతే మన ఉక్కపోతకి పొట్టు రాలిపోతాయి. గుడ్డవి చూసుకోండి. అంతకన్నా దాని గురించి చెప్పేదేం లేదు.

అసలు కుర్చీలోంచి లేవనివాడికి వైర్‌లెస్ ఎందుకండీ? రోజుకి ఎనిమిది గంటలు ఒకే బల్ల ముందు, అదే కుర్చీలో. వైరుంటే పరువు పోతుందా? కాడ మైకున్న వైరు హెడ్‌సెట్‌కి ఛార్జింగు అక్కర్లేదు, ఆలస్యం లేదు, రెండు పద్ధతుల నాటకం లేదు. అదే డబ్బుకి వైర్‌లెస్‌లో వచ్చేదానికంటే మైకు మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే బ్యాటరీకీ రేడియోకీ పెట్టాల్సిన ఖర్చు ఇక్కడ మిగులుతుంది. కొట్టువాళ్లు దీన్ని అడుగు అరలో దుమ్ములో పెడతారు. లాభం తక్కువ కదా.

కొనే ముందు ఒక్క పరీక్ష చాలు. కొట్టులోనే, రోడ్డు మోతలోనే, ఆ హెడ్‌సెట్ పెట్టుకుని ఇంటికి ఫోన్ చేయండి. బేస్ వినకండి. అవతల మీవాళ్లకి ఎలా వినపడుతోందో అడగండి, లేదా మైకు తెరిచి రికార్డు చేసి విని చూడండి. “సీలు విప్పం సార్” అంటే మెట్లు దిగేయండి. ఇన్ని వేలు పుచ్చుకునేవాడు ఒక డెమో ముక్క బయట పెట్టుకోలేడా?

ఇక ప్రభుత్వం వారు. వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌కి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద ‘ఆర్’తో మొదలయ్యే నంబరుంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. మంచిదే. కానీ ఆ నంబరు అది పేలదని, షాక్ కొట్టదని చెబుతుంది తప్ప మైకు పనిచేస్తుందని చెప్పదు. తయారీ నెల, దిగుమతిదారు చిరునామా, ఎమ్మార్పీ అచ్చేయాలని 2011 నుంచే నిబంధనలున్న దేశంలో, మైకు తెరిచినప్పుడు శబ్దం ఎంతకి పడిపోతుందో, ఆలస్యం ఎలా కొలిచారో రెండు లైన్లు అచ్చేయించడం ఏమంత బ్రహ్మవిద్య? అచ్చేయించరు. ఆ రెండు లైన్లు పడితే సగం సరుకు అమ్ముడుపోదు.

వాళ్లు కదలకపోతే మనం కదపాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. అంతకు ముందు 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు రాయించుకోండి. రెండు వేల వస్తువుకి ఇంత రభస ఎందుకని పక్కింటాయన నవ్వుతాడు. నవ్వనివ్వండి, రేపు ఆయన కొడుకూ అదే కొంటాడు. మీరు మాత్రం పెట్టెనీ బిల్లునీ చెత్తలో వేయకండి. ఆ 40 మిల్లీసెకన్లు ఎక్కడ కొలిచారో కమిషన్ ముందు కంపెనీ వకీలుని అడగడానికి అవి రెండూ కావాలి.