ఆటలో కచేరీ

పెదవేగిలో మా పిన్ని ఇంటికి వెళ్లేసరికి కొడుకు మీద కేకలేస్తోంది, 'పరీక్షలు పెట్టుకుని ఆటలేంట్రా' అని. తొంగి చూద్దును కదా, కంప్యూటర్‌ తెరమీద యుద్ధమేమీ లేదు. ఓ మరుగుజ్జు చెట్టుకింద నిలబడి వేణువు ఊదుతున్నాడు.

2007లో వచ్చిన 'లార్డ్‌ ఆఫ్‌ ది రింగ్స్‌ ఆన్‌లైన్‌' ఆట అది. కీబోర్డుమీద ఒక్కో మీటా ఒక్కో స్వరం. అలా వాయించలేనివాళ్లు పాటని ముందే రాసిపెట్టుకోవచ్చు. మనకు సరిగమల్లా వాళ్లకు ఇంగ్లిషు అక్షరాలు. అందరూ ఒకేసారి అందుకునే ఏర్పాటూ ఉండటంతో బృందాలు కట్టారు. ఆటలోని ఓ కొండమీద 2009లో 'వెదర్‌స్టాక్‌' పేరుతో కచేరీలూ మొదలెట్టారు. దీనివల్ల శత్రువు చచ్చేదీ లేదు, ఆటలో గెలిచేదీ లేదు. దగ్గర్లో ఉన్నవాళ్లకే పాట వినిపిస్తుంది. నచ్చితే ఆగుతారు, లేకపోతే వెళ్లిపోతారు. (ఊళ్లో కచేరీలకైనా ఇంతేగా!)

పిన్ని చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. పెళ్లయ్యాక ముట్టుకోలేదు. 'ఏదీ, తోడి వాయించు' అంటూ స్వరాలు తనే చెప్పింది. వాడు నొక్కాడు.

'గాంధారం ఊగదేంట్రా?'

'ఊగదమ్మా, మీట అంతే.'

నాటకాల హార్మోనియంతో వచ్చే చిక్కే ఇదీ, గమకం పలకదు. అయినా తెరమీద దారినపోయేవాళ్లు ఇద్దరు ఆగారు. పిన్ని వాణ్ని జరగమని కుర్చీ లాక్కుంది.