శక్తిమాన్ రాని ఊరు
బస్తర్ అడవుల్లోకి టీవీ ఆలస్యంగా వచ్చింది. రక్షకులు మాత్రం ఎన్నడూ ఆలస్యం చెయ్యలేదు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, పువర్తి గ్రామం. 2024 డిసెంబరులో ఆ ఊరికి ఒక 32 అంగుళాల టీవీ వచ్చింది. దాంతోపాటు వంద చానళ్ళ సెట్‌టాప్ బాక్సు. కరెంటు తీగలు లేకపోతేనేం, సూర్యుడున్నాడు. ఊరంతా చుట్టూ చేరి దూరదర్శన్ చూసింది. స్వాతంత్య్రం వచ్చాక ఆ ఊళ్ళో టీవీ బొమ్మ కనిపించడం అదే మొదటిసారని వార్తలొచ్చాయి. పిల్లలు మాత్రం ఏ ఊరి పిల్లలైనా చేసే పనే చేశారు. కార్టూన్ల ముందు కూర్చున్నారు.

పువర్తి పేరు తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. 2025 నవంబరులో మన మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయిన మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా సొంతూరు అది. ప్రభుత్వం దృష్టిలో అతను పెద్ద విలన్. అతని వెంట నడిచినవాళ్ళకు హీరో. ఏది ఏమైనా ఆ ఊరి పిల్లలకు తెరమీది హీరో కంటే తుపాకీ పట్టిన మనిషే ముందు పరిచయం.

దేశంలో మిగతా పిల్లలకు ఆ భాగ్యమో దౌర్భాగ్యమో లేదు. వాళ్ళకు శక్తిమాన్ ఉన్నాడు.

ఇప్పుడు ముప్ఫయ్యోపడి దాటినవాళ్ళను కదిపి చూడండి. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలై 2005 మార్చి దాకా నడిచిన ఆ సీరియల్ గురించి గంటసేపు చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి వీధిలో క్రికెట్ ఆగిపోయేది. హిందీ ఒక్క ముక్క రాని తెలుగు పల్లెల్లో కూడా పిల్లలు చెయ్యి పైకెత్తి గిరగిరా తిరిగి, కళ్ళు తిరిగి పడిపోయేవారు. పత్రికాఫీసులో అందరి చేతా వెక్కిరింపులు తినే సోడాబుడ్డి కళ్ళద్దాల గంగాధర్ నిజానికి పంచభూతాల బలమున్న వీరుడన్న రహస్యం తమకొక్కరికే తెలుసన్నట్టు మురిసిపోయేవారు. మహాభారత్‌లో భీష్ముడిగా ఇంటింటికీ తెలిసిన ముకేశ్ ఖన్నాయే శక్తిమాన్ కావడంతో పెద్దవాళ్ళూ అభ్యంతరం పెట్టలేదు. కుటుంబమంతా కలిసి కూర్చుని చూడగలిగిన సూపర్‌హీరో అతను.

అభ్యంతరం తర్వాత వచ్చింది. పిల్లలు మేడల మీదినుంచి దూకుతున్నారనీ, ఒంటికి నిప్పంటించుకుంటున్నారనీ, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మే ఇదంతా చేస్తున్నారనీ 1990ల చివర్లో వార్తలు గుప్పుమన్నాయి. సీరియల్‌ను నిషేధించాలన్న డిమాండ్లు లేచాయి. ఆ వార్తల్లో నిజం లేదని ఖన్నా తర్వాత చాలాసార్లు చెప్పారు. నిజమెంతయినా భయం మాత్రం నిజమే. ఆదివారం భోజనాల వేళ పిల్లాడు కనిపించకపోతే తల్లి ముందు మేడమీదికి పరుగెత్తిన రోజులవి.

అప్పుడు జరిగిన ఒక పని ఇవాళ గుర్తు చేసుకోదగ్గది. తెరమీది వీరుడే ప్రేక్షకులవైపు తిరిగాడు. నేను చేసేవి మీరు చెయ్యకండి, ఇవి కెమెరా పనులు, దూకితే దెబ్బలు తగులుతాయని శక్తిమాన్ దుస్తుల్లోనే చెప్పాడు. ఎపిసోడ్ చివర్లో పిల్లల తప్పొప్పుల గురించి చిన్న పాఠం ఎలాగూ ఉండేది. చెత్త రోడ్డుమీద పారేసిన పిల్లాడు నాలుక్కరుచుకుని 'సారీ శక్తిమాన్' అనేవాడు. ఆ మాట దేశమంతా ఊతపదమైంది. కల్పిత వీరుడు తన శక్తికి హద్దుందని ఒప్పుకోవడం మన వినోద చరిత్రలో అరుదు. ప్రేక్షకుల ప్రతిస్పందన అక్కడిదాకా చేరింది కాబట్టే అది సాధ్యమైంది.

దూరదర్శన్‌కు ఆ అలవాటు పాతదే. 'సురభి'కి వారంలో లక్షల ఉత్తరాలొచ్చిన రోజులున్నాయి. అంతకుముందు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో, పరిశోధకులు ఊళ్ళలోనే మకాం వేసి చూసినవాళ్ళకు ఏం అర్థమైందో అడిగి రాసుకున్నారు. కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో రాయ్‌పూర్, దుర్గ్, బిలాస్‌పూర్ ప్రాంతాలకు ఆ అవకాశం దక్కింది. రాయ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న బస్తర్‌కు దక్కలేదు. కేరళ కంటే పెద్దదైన ఆ జిల్లాను అడిగినవాళ్ళు లేరు.

బస్తర్ అంతా చీకట్లో ఉందని కాదు. జగ్దల్‌పూర్‌లో టీవీలున్నాయి. బైలాడిలా గనుల కాలనీల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడి ఇనప ఖనిజం 1960ల నుంచి రైలెక్కి విశాఖపట్నం రేవుకు వస్తూనే ఉంది. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. కానీ రోడ్డు దిగి నాలుగు వాగులు దాటితే కరెంటు స్తంభాలు కనిపించవు. ఖనిజం బయటికి రావడానికి దొరికిన దారి, బొమ్మ లోపలికి పోవడానికి అర్ధశతాబ్దం దొరకలేదు.

బొమ్మ రాకపోయినా రక్షకులు వచ్చారు. 1910లో బస్తర్ ఆదివాసులు భూమ్‌కాల్ తిరుగుబాటు లేవదీసినప్పుడు మామిడి కొమ్మలు, మిరపకాయలు, మట్టిబెడ్డలు, బాణాలు ఊరూరా తిరిగాయి. పన్నెండేళ్ళ తర్వాత మన్యంలో అల్లూరి నడిపిన మిరపకాయ టపా తెలిసిన మనకు ఆ భాష వెంటనే అర్థమవుతుంది. నాయకుడు గుండాధుర్‌ను బ్రిటిష్‌వాళ్ళు పట్టుకోలేకపోయారు. దొరకని వీరుడు కథల్లోకి వెళ్ళిపోయాడు. 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మాజీ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయన వెంట ఉన్న ఆదివాసులు చనిపోయారు. కొన్నేళ్ళకు ఒక బాబా వచ్చి ఆ ప్రవీర్‌చంద్రను నేనేనంటే నమ్మి మెడలో కంఠీ వేసుకున్నవాళ్ళు చాలామంది. రక్షకుడు చావడన్న నమ్మకం మేడమీది పిల్లవాడి ఒక్కడి సొత్తు కాదు.

1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటాయి. మనకు 'అన్నలు', అక్కడివాళ్ళకు 'దాదా లోగ్'. తునికాకు కట్టకు రేటు పెరిగింది, అటవీ సిబ్బంది ఆగడాలు తగ్గాయి. ఆ తర్వాత పంచాయితీ, తీర్పు, శిక్ష కూడా వాళ్ళవే అయ్యాయి. ఇన్‌ఫార్మరన్న ముద్ర పడితే బతుకు ముగిసేది. శక్తిమాన్ చివరి ఎపిసోడ్ వచ్చింది 2005 మార్చిలో. అదే ఏడాది జూన్‌లో మావోయిస్టుల నుంచి కాపాడతామంటూ సల్వాజుడుం బయల్దేరింది. ఊళ్ళు తగలబడ్డాయి, జనం రోడ్డుపక్క శిబిరాలకు చేరారు. వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్ళకు గొత్తికోయలని పేరు పెట్టి, పోడు కొడుతున్నారని కేసులు పెట్టాం. చదువు సరిగా రాని ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులను చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 జులై వచ్చింది.

ఈ వీరుల్లో ఎవరూ ప్రేక్షకులవైపు తిరిగి, మా శక్తికి హద్దుందని చెప్పలేదు. మీరు దూకితే మేం పట్టుకోలేం అనలేదు. 'సారీ' అన్న మాట వినిపించడం అరుదు. ముంబయి స్టూడియోలో సీరియల్ తీసిన మనిషికి ఉన్నపాటి జవాబుదారీతనం అడవిలో అధికారం చెలాయించినవాళ్ళకు లేకపోయింది. కారణం కష్టమైనదేం కాదు. శక్తిమాన్ ప్రేక్షకులకు పత్రికలున్నాయి, కోర్టులున్నాయి, పోస్టుకార్డులున్నాయి. పువర్తి ప్రేక్షకులు మాట్లాడేది గోండీ. ఆ మాట కలెక్టరాఫీసుకూ అర్థం కాదు, టీవీకీ అర్థం కాదు.

అందుకే ఆ 32 అంగుళాల టీవీ గురించి మరీ పొంగిపోవాల్సిందీ లేదు, వెటకారం చెయ్యాల్సిందీ లేదు. 'నియద్ నెల్లనార్' పథకం కింద భద్రతా శిబిరాల చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తున్నవాటిలో టీవీ ఒకటి. ఆ పేరుకు మీ మంచి ఊరు అని అర్థం. రోడ్డు, రేషను, దీపం, బడి ఎవరికైనా కావలసినవే. ఫ్యాను కింద కూర్చుని కార్టూన్ చూసే హక్కు హైదరాబాద్ పిల్లవాడికి ఎంత ఉందో పువర్తి పిల్లవాడికీ అంతే ఉంది. శిబిరం పక్కన టీవీ పెట్టారని నొసలు చిట్లించేవాళ్ళు తమ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ వంద చానళ్ళలో గోండీ మాట్లాడేది ఎన్ని? ఆ పిల్లల పోలికతో ఒక్క గంగాధర్ అయినా తెరమీద కనిపిస్తాడా? కనిపిస్తే వార్తల్లో శవంగానో, లొంగిపోయినవాడిగానో, గణతంత్ర దినోత్సవంలో నాట్యం చేసేవాడిగానో తప్ప మరోలా కనిపిస్తాడా? అన్నిటికంటే ముందు, చూసినదాని గురించి వాళ్ళేమనుకుంటున్నారో అడిగేవాడెవరు?

అడగడం అసాధ్యమేం కాదు. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఆ పని చేసి చూపించింది. మామూలు ఫోనులో ఒక నంబరుకు కాల్ చేసి, గోండీలోనో హిందీలోనో తన ఊరి గోడు చెప్పుకునే వీలు కల్పించింది. బోరింగు పాడైందని, పంతులు రావడం లేదని, ఉపాధి కూలి అందలేదని జనం చెప్పారు. విన్నవాళ్ళు అధికారులకు ఫోన్లు చేశారు. కొన్ని బోరింగులు బాగయ్యాయి కూడా. సూపర్‌హీరోలు అక్కర్లేకుండానే.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ శక్తిమాన్‌ను మళ్ళీ వేసింది. అప్పటి పిల్లలు ఇప్పటి తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశారు. గ్రాఫిక్స్ చూసి కొత్తతరం పకపకా నవ్వితే పాతతరం కాస్త చిన్నబుచ్చుకుంది. ఆరోజుల్లో నిజంగానే నమ్మావా నాన్నా అని పిల్లలడిగితే, నమ్మాం అని ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. నమ్మి, దెబ్బ తగలకుండా పెద్దవాళ్ళయ్యే అదృష్టం వాళ్ళకు దొరికింది.

బస్తర్‌లో ఒక తరానికి అది దొరకలేదు. ఇప్పుడు టీవీ ముందు కూర్చున్న పిల్లలకైనా దొరకాలంటే, వచ్చిన ప్రతి రక్షకుడూ తన మాట ముగిశాక కాసేపు ఆగి వినాలి. ఆ ఊరి పిల్లలు గోండీలో ఏదో అంటున్నారు. వింటేగాని అది చప్పట్లో, కేకో తెలియదు.